తొమ్మిదో రోజు పడని టికెట్టు

ఇబ్రహీంపట్నానికి రైలు లేదు. బస్సు డిపో ఉంది. ఆ డిపోలో నా భర్త ఇరవై తొమ్మిదేళ్లు డ్రైవరుగా చేశాడు. నేను పక్క ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచరును. ఆయన రిటైరైన ఏడాది మేమిద్దరం ఒక రైలు టికెట్టు గురించి దాదాపు నెల రోజులు మాట్లాడుకున్నాం. అంతకుముందు ఏ విషయం గురించైనా అన్నాళ్లు మాట్లాడుకున్న గుర్తు నాకు లేదు.

మాకు పడదని కాదు. కలిసి ఒకచోట ఉండే వీలే తక్కువ. ఆయనకు ఎక్కువగా నైట్ హాల్ట్ డ్యూటీలు వేసేవాళ్లు. సాయంత్రం బస్సు తీసుకుని ఏదో ఒక లోపలి ఊరికి పోవాలి, రాత్రి బస్సూ మనిషీ అక్కడే ఉండాలి, తెల్లవారి మొదటి ట్రిప్పుతో తిరిగి రావాలి. ఆయన ఇంటికి చేరేసరికి నేను బడికి బయలుదేరుతుండేదాన్ని. నేను వచ్చేసరికి ఆయన డిపోకు పోయేవాడు. వారానికి ఒక రోజు సెలవు వస్తే దాన్ని నిద్రకే వాడుకునేవాడు. మా బిడ్డ అలాగే పెరిగింది, చదివింది, పెళ్లి చేసుకుని మహేశ్వరం పోయింది. చుట్టాల్లో మాకు మంచి పేరు ఉండేది, మొగుడూ పెళ్లాం ఏనాడూ ఒకర్నొకరు మాట అనుకోలేదని. అనుకోవడానికి తీరిక ఉంటే కదా.

ఆయన రిటైరైన కొన్నాళ్లకే నాకు వేసవి సెలవులు వచ్చాయి. పగలంతా ఇద్దరం ఇంట్లో. మొదటి వారంలోనే నాకు ఊపిరాడలేదు. ముందు గదిలో కుర్చీ వేసుకుని, కాళ్లు దగ్గరగా పెట్టుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చునేవాడు. నేను చీపురు పట్టుకుంటే లేచి నిలబడేవాడు. నీళ్ల గ్లాసు ఎక్కడ ఉందని అడిగేవాడు. చూపించినా మళ్లీ మర్నాడు అడిగేవాడు. ఒకరోజు మధ్యాహ్నం వంటింటి గడప దగ్గర నిలబడి, "జర చాయ్ పెట్టుకోవాల్నా?" అన్నాడు.

"పెట్టుకోరాదూ, నన్నెందుకడుగుతవ్?" అన్నాను.

"ఏమో, నువ్వు ఏదో పనిల ఉన్నవ్ గదా," అని వెనక్కి పోయి, చెప్పులేసుకుని, డిపో గేటు ముందున్న హోటల్లో తాగి వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. సొంత ఇంట్లో చాయ్‌కి పర్మిషన్ ఏమిటి?

ఆ వారమే బిడ్డ ఫోన్ చేసింది. వాళ్ల ఇంటి మీద ఒక గది ఖాళీగా ఉంది. "అమ్మా, బాపు దినమంతా ఇంట్ల ఉంటే నీతోని కాదు. నీ గొంతు వింటేనే తెలుస్తున్నది. ఈడికి వచ్చెయ్ రాదు. బడికి ఈడి నుంచి పోవచ్చు. ఐతారం ఐతారం పోయి బాపును చూసొద్దువు," అంది.

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏమీ లేదు, నాకు పోవాలనే ఉంది. ఆయనకు ఎలా చెప్పాలో తెలియక ఆగాను, అంతే. గొడవ పెట్టుకుని పోతే అందరికీ అర్థమవుతుంది. గొడవేమీ లేకుండా ముప్పై ఏళ్ల కాపురం తర్వాత వేరే ఇంటికి మారుతున్న ఆడదానికి ఏ కారణం ఉందని చెప్పుకోవాలి?

సరిగ్గా అప్పుడే ఆయన ఆ టికెట్టు మాట తెచ్చాడు. హోటల్లో తోటి రిటైర్డ్ డ్రైవరు ఎవరో చెప్పారట. రైలువాళ్ల దగ్గర చుట్టు టికెట్టు అని ఒకటి ఉంటుంది. ఎక్కిన స్టేషన్‌లోనే మళ్లీ దిగాలి. మధ్యలో ఏయే ఊళ్లలో ఆగుతామో ముందే రాసివ్వాలి. అన్నిటికీ కలిపి ఒకటే టికెట్టు. దానికి ఎన్నాళ్ల గడువు కావాలో మనం చెప్పడానికి లేదు. చుట్టు ఎంత పెద్దదైతే గడువు అంత ఎక్కువ. ఎక్కువ రోజులు కావాలంటే ఎక్కువ దూరం తిరగాల్సిందే. బతుకంతా తిరిగిన మనిషికి ఇది తెగ నచ్చింది. పాత క్యాలెండరు కాగితం వెనక రెండు గీతలు గీసి తెచ్చాడు.

ఒకటి పెద్ద చుట్టు. కాచిగూడలో ఎక్కి చెన్నై, మదురై, రామేశ్వరం, కన్యాకుమారి, అక్కడి నుంచి సముద్రం వెంట కేరళ, గోవా, ముంబై చూసి, షోలాపూర్ మీదుగా ఇల్లు. తీరిగ్గా పోతే పదిహేను రోజులు. రెండోది చిన్న చుట్టు. కన్యాకుమారి దాకా పోయి కేరళ అంచు తాకి వెనక్కి రావడం. ఎక్కడా ఎక్కువ ఆగకపోతే ఎనిమిది రోజులు.

కన్యాకుమారి పేరు చూసి నేను మెత్తబడ్డాను. ఏటా దేశపటం గోడకు తగిలించి కర్ర కొసతో ఆ మొన చూపిస్తాను. ఎన్ని వందల మంది పిల్లలకు చూపించానో. నేను చూడలేదు. కానీ పదిహేను రోజులు నావల్ల కాదనిపించింది. ఇంట్లోనైతే వంటిల్లు ఉంది, పెరడు ఉంది, పక్కింటామె ఉంది. రైలు పెట్టెలో ఎదురుబొదురు బెర్తుల్లో, లాడ్జి గదుల్లో పదిహేను రోజులు ఈయనతో ఏం మాట్లాడాలి?

"చిన్నదే తీసుకుందాం. ఎండలు మస్తు గొడుతున్నయ్," అన్నాను.

"గోవాల అంత ఎండ ఉండదంట."

"నాకు అన్ని దినాలు బయట తిండి పడదు."

ఆయన కాగితం వైపు చూశాడు. పెద్ద చుట్టు మీద ఆయన ఊళ్ల పేర్లు బస్సు బోర్డు మీద రాసినట్టు పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు. "సరే, నీ ఇష్టం," అన్నాడు. గట్టిగా అడిగి ఉంటే గట్టిగా కాదని ఉండేదాన్ని. అలా వెంటనే ఒప్పుకునేసరికి నాకే చిరాకేసింది. మర్నాడు మళ్లీ ఆ కాగితమే తెచ్చి, "రామేశ్వరంల ఇంకొక దినం ఆగుదామా?" అన్నాడు. వద్దన్నాను. ఆ తర్వాత తిరుచ్చి కలుపుదామన్నాడు. నేను చెన్నై తీసేద్దామన్నాను. నెల రోజులు ఇదే మాట్లాడాం. ఆయన ఒక ఊరు కలపడం, నేను ఒక ఊరు కొట్టేయడం.

మధ్యలో మా వదినె దిగింది. ఆయనకు అక్క. పెద్ద అంబర్‌పేట్‌లో ఉంటుంది. మాది చర్చికి పోయే కుటుంబం, ముందు గది గోడ మీద శిలువ ఉంది, వదినె అయితే ఆదివారం ముందు బెంచీలో కూర్చుంటుంది. అయినా మంగళవారం గడప దాటదు, దాటనివ్వదు. పాస్టరుగారు ఒకసారి నెమ్మదిగా చెప్పబోతే, "ఏసయ్య వేరు, మంగళారం వేరు అయ్యగారూ," అని ఆయన నోరు మూయించింది.

ఆమె మా కాగితం తిరగేసి చూసి మొదట అడిగిన మాట, "వచ్చుడు ఎన్నో దినం?"

బయలుదేరిన రోజు నుంచి తొమ్మిదో రోజున తిరిగి ఇల్లు చేరకూడదు. ఎనిమిదో రోజు రావచ్చు, పదో రోజు రావచ్చు, తొమ్మిది మాత్రం పనికిరాదు. ఇది మా వైపు చాలా ఇళ్లలో ఉన్నదే. చిన్న చుట్టులో ఒక్క రోజు ఎక్కువైతే సరిగ్గా తొమ్మిదిలో పడతాం. "అందుకే పెద్దది తీసుకుందాం అంటున్న అక్కా," అని ఆయన ఆశగా అన్నాడు. "అందుకే ఒక్క దినం కూడా పెంచొద్దు అంటున్న వదినె," అని నేను అన్నాను. వదినె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆడమనిషి మాటే నెగ్గించింది. ఎనిమిదో రోజు ఇంట్లో ఉండేలా చిన్న చుట్టు ఖాయమైంది.

రైల్వే ఆఫీసులో ఊళ్ల వరుస రాసిచ్చాం. అక్కడి గుమాస్తా చూసి, "ఇంకో నాలుగు ఊళ్లు కలుపుకుంటే గడువు పెరుగుతది గదా పెద్దమనిషీ," అన్నాడు. ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. బెర్తులు మాత్రం మంగళవారానికే దొరికాయి.

దాంతో వదినె మళ్లీ వచ్చింది. "మంగళారం ఎట్ల పోతరు? సోమారం పొద్దుగూకక ముందే బ్యాగు ఇల్లు దాటాలె." మనిషి పోలేనప్పుడు సామాను ముందు పంపితే మనిషి పోయినట్టే లెక్క. సోమవారం సాయంత్రం ఆమే మా బ్యాగు మోసుకుపోయి పక్కింట్లో పెట్టింది. నా పళ్లపొడి, దువ్వెన అందులోనే ఉన్నాయి. మంగళవారం పొద్దున పక్కింటికి పోయి నా బ్యాగులోంచి నా దువ్వెన నేను అడిగి తెచ్చుకున్నాను.

మంగళవారం రైలెక్కాం.

ఆయన మంచి ప్రయాణికుడు కాదు. కిటికీ పక్కన కూర్చుని, బండి వేగం తగ్గినప్పుడల్లా కుడికాలు నేలకు నొక్కేవాడు. గేటు వస్తే మెడ చాచి రెండు వైపులా చూసేవాడు. కూర్చునే నిద్రపోయేవాడు, ఎవరూ లేపకుండా ఒక్కసారిగా లేచేవాడు. మాటలు తక్కువ. "నీళ్లు కావాల్నా?" "ఒద్దు." "ఏదో స్టేషన్ వస్తున్నట్టున్నది." "అవ్." చెన్నై చేరేసరికి నాకు తెలిసిపోయింది, చిన్న చుట్టు తీసుకుని మంచిపని చేశానని. మహేశ్వరం గదికి కర్టెన్లు ఏ రంగువి కొనాలో కూడా అనుకున్నాను.

కన్యాకుమారిలో సముద్రం చూశాను. మొన అంటే పటంలో ఉన్నంత మొనగా ఏమీ లేదు. రాళ్లు, నీళ్లు, జనం, ముత్యాల దండలమ్మేవాళ్లు. అయినా నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెప్పుకుందామని పక్కకు చూస్తే ఆయన సముద్రానికి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒక టూరిస్టు బస్సును రెండు బస్సుల మధ్య ఇరుకులో వెనక్కి పెడుతున్నారు. దాన్ని చూస్తున్నాడు. "స్టీరింగు ఇంకా కొయ్యాలె, ఇంకా," అని తనలో తాను అనుకుంటున్నాడు. నేను నీళ్ల వైపు తిరిగాను.

ఈ ప్రయాణంలో నాకు అంతుపట్టనిది ఒకటే జరిగింది, అది మదురైలో. పొద్దున లేచేసరికి లాడ్జి గదిలో దండెం కట్టి ఉంది. నా రెండు చీరలు, జాకెట్లు, ఆయన బట్టలు ఉతికి ఆరేసి ఉన్నాయి. అంచులు సరిచేసి మరీ ఆరేశాడు. గది ఊడ్చి ఉంది. ఫ్లాస్కులో చాయ్ తెచ్చిపెట్టాడు. ఆయన చొక్కా మడిచి, ముడతలు పోవాలని దిండు కింద పెట్టుకున్నాడు.

"ఇదంతా నువ్వే చేసినవా?"

"హాల్టింగ్‌ల రోజు చేసేదే గదా. బట్టలు నేనే ఉతుక్కుంటుంటి."

నిజమే. ఆయన ఖాకీ బట్టలు నేను ఉతికింది చాలా తక్కువ. ఎక్కడో చాకలికి వేస్తున్నాడనుకునేదాన్ని. "మరి ఇంట్ల ఒక్కనాడన్న చేసినవా?" అన్నాను.

"నీ ఇంట్ల నేనేం ముట్టుకుంట?" అన్నాడు, చాలా మామూలుగా, చాయ్ పోస్తూ.

ఆ 'నీ ఇంట్ల' నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. రైల్లో చాలాసేపు దాన్నే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఎత్తిపొడుపు మాత్రం కాదు. ఎత్తిపొడవడం ఆయనకు రాదు.

తిరుగు ప్రయాణం అనుకున్నట్టే మంగళవారానికి పడింది. బండి ఇంకా మన సరిహద్దులోకి రాకముందే వదినె ఫోన్.

"యాడిదాక వచ్చిండ్రు?"

చెప్పాను.

"ఇయ్యాల ఇంటికి రాకుండ్రి."

"ఎందుకు వదినె? ఇయ్యాల ఎనిమిదో దినమే గదా!"

"మీకు ఎనిమిది. బ్యాగు సోమారం ఇల్లు దాటింది. బ్యాగుకు ఇయ్యాల తొమ్మిది."

నెల రోజులు ఊళ్లు కలిపీ, తీసేసీ, తొమ్మిది తప్పించి టికెట్టు చేయించుకున్న ముగ్గురు పెద్దమనుషులం, బ్యాగును లెక్కలోకి తీసుకోలేదు. "అయితే బ్యాగును మళ్లా పక్కింట్ల పెట్టి నేను ఇంట్లకు పోత," అన్నాను.

"పరాచికాలు కాదు పిల్లా. మా ఇంటికి రాండ్రి, ఒక్క రాత్రి పండుకొని రేపు పోదురు."

వదినె ఇంట్లో ఒక రాత్రి అంటే ప్రయాణం మొత్తం మొదటి నుంచీ చెప్పాలి, మూడుసార్లు. నేను రానన్నాను. ఇంటికే పోతానని ఆయనతో పట్టుబట్టాను. ఎనిమిది రోజుల్లో మొదటిసారి నా గొంతు పెరిగింది. "ఒక్క రోజు కూడా ఎక్కువ వద్దనే గదా చిన్నది తీసుకున్నది!" అన్నాను. అన్నాక, ఆ మాట రైలు పెట్టెలో అందరికీ వినబడేలా అన్నానని తెలిసింది. ఆయన మొహం చిన్నబోయింది.

కాచిగూడలో దిగి, బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. "నేను హాల్టింగ్ పోయే ఊరు ఉన్నది. సాగర్ రోడ్డు మీద మాల్ అనే ఊరు దాటినంక లోపలికి. ఆడ ఒక రాత్రి ఉండొచ్చు. నీకు ఇబ్బంది లేకుంటేనే," అన్నాడు.

నేను ఎప్పుడూ చూడని ఊరు. చివరి పదేళ్లు ఆయన మా ఇంట్లో కంటే ఎక్కువ రాత్రులు అక్కడే పడుకున్నాడు. ఆ ఊరి మీద నాకు ఏ అనుమానమూ రాలేదని అనను. రాత్రి డ్యూటీల మొగుళ్ల గురించి డిపో ఆడవాళ్లు మాట్లాడుకునేవన్నీ నేనూ విన్నాను. అడగలేదు. ఆ సాయంత్రం మాత్రం, సరే, చూద్దాం అనిపించింది.

సాగర్ రోడ్డు బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు టికెట్టు లేదు, ఆయనకు పాసు ఉంది. బస్సు ఇబ్రహీంపట్నం వచ్చింది. పెద్దచెరువు నీళ్లు కనిపించాయి, మార్కెట్ కనిపించింది, మా సందు మొగదల పక్కింటామె కూరగాయలు కొంటూ కనిపించింది. బస్సు ఆగింది, జనం దిగారు, ఎక్కారు. నేను మా ఊళ్లో దిగకుండా చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. కొంగు వెనక నాకు నవ్వొచ్చింది. ఆయన చూశాడు. ఆయనకూ వచ్చింది. ఆ ఎనిమిది రోజుల్లో మేమిద్దరం కలిసి నవ్వింది అదే.

మాల్‌లో దిగి, ఆయన పాత బస్సే ఎక్కాం. పొద్దుగూకుతుండగా ఊరు చేరాం. బస్సు ఆగే చోట ఒక కిరాణా కొట్టు ఉంది. కొట్టు ముందు కూర్చున్న ముసలామె ఆయనను చూసి, "ఓ డ్రైవర్ బిడ్డా, ఏడ సచ్చినవ్ ఇన్నొద్దులు?" అంది. ఊళ్లో అందరూ ఆమెను అవ్వ అనే పిలుస్తారు. కొడుకులు, కోడళ్లు, మనవలతో నిండుగా ఉన్న ఇల్లు. నా అనుమానం గడప దగ్గరే ఆవిరైపోయింది. దాని బదులు ఇంకోటి మొదలైంది.

ఆ ఇంట్లో ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా వెనక్కి పోయి, పందిరి మీంచి మంచం దించి వాల్చాడు. గూట్లోంచి సబ్బు తీసుకున్నాడు. నీళ్ల కుండ మీద బోర్లించిన చెంబు తీసి తాగి, మళ్లీ బోర్లించి పెట్టాడు. పొయ్యి దగ్గరికి పోయి మూత ఎత్తి చూసి, "ఏం కూర అవ్వా?" అన్నాడు. చాయ్ తనే పెట్టి అందరికీ తనే పోశాడు, ఎవరికి చక్కెర ఎంతో గుర్తుపెట్టుకుని మరీ. మా ఇంట్లో గ్లాసు ఎక్కడ ఉందో తెలియని మనిషి. నేను మంచం అంచున చుట్టంలా కూర్చుని చూస్తున్నాను. నాకు కోపం వచ్చింది. ఆ కోపం కింద ఏడుపు కూడా ఉంది.

ఆయన బస్సు దగ్గర కొత్త డ్రైవరుతో మాట్లాడడానికి పోయినప్పుడు అవ్వ నా పక్కన కూర్చుంది.

"టీచరమ్మా, నీకు చన్నీళ్లు పడయట గదా. వేన్నీళ్లు పెట్టిస్త."

"మీకెవరు చెప్పిండ్రు?"

"ఇంకెవలు? నీ ముచ్చట్లన్నీ మాకు ఎరుకే. నీకు చింతపండు పులుపు ఎక్కువుండాలె. నువ్వు నిద్రల పద్యాలు చదువుతవ్. మీ బిడ్డకు కాన్పైన నాడు ఆమె పక్కన నువ్వు ఒక్కదానివే దవాఖానల ఉన్నవని ఈ మంచం మీద కూసొని ఎంత బాధపడ్డడో." అవ్వ నోట్లో ఆకు సర్దుకుంది. "ఇగ ఇస్కూల్ వ్యానుకు డ్రైవర్‌గ పోతడంట గదా?"

నాకు తెలియదని చెప్పడానికి మొహం చెల్లక తల ఊపాను.

"పోయిన నెల వచ్చి చెప్పిండు. పొద్దుగాల పోయి రాత్రికి వస్తడంట. ఎందుకురా, ఆరాం తీసుకోరాదా అంటే, ఇంట్ల నేనుంటె ఆమెకు మస్తు ఇబ్బంది అవుతున్నదవ్వా, నేను బయట ఉంటేనే ఆమెకు నిమ్మళం అన్నడు. గదేం మాట? ఇన్నేండ్లు మా ఊర్ల పండిండు. ఇగ నీ ఇంట్ల పండనియ్యి."

నేను మహేశ్వరంలో గది చూసుకున్నాను. ఆయన వ్యాను చూసుకున్నాడు. ఇద్దరం ఒకరికొకరు చెప్పకుండా ఒకే ఇంటిని ఖాళీ చేస్తున్నాం. ఆ ఇల్లు ఎవరికోసం కట్టుకున్నామో అప్పుడు నాకు తోచలేదు. సిగ్గుగా అనిపించింది, దానికంటే ఎక్కువగా భయం వేసింది. ఇంకొక్క వారం గడిస్తే అది జరిగిపోయి ఉండేది. అందరం మంచివాళ్లుగానే మిగిలి ఉండేవాళ్లం.

తెల్లవారి ఆయనను కొట్టు ముందు అరుగు మీద పట్టుకున్నాను. మొదటి బస్సుకు ఇంకా సమయం ఉంది. బ్యాగు ఆయన కాళ్ల దగ్గర ఉంది.

"ఒక మాట చెప్పు. పెద్దచుట్టు అంత పట్టుబట్టి ఎందుకు అడిగినవ్? గోవా చూడాలనా?"

ఆయన బస్సు వైపు చూశాడు. కొత్త డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు.

"గోవా ఎవనికి కావాలె," అన్నాడు. "ఇంట్లనైతే నీకు నేను అడ్డం. బయటనైతే నీ ఇల్లు కాదు, నా ఇల్లు కాదు. పదిహేను దినాలు తిరిగితే ఒకరికొకరం జర అలవాటైతమేమో అనుకున్న. నువ్వు ఎనిమిదే అంటివి."

అన్నాక తప్పు చేసినవాడిలా బ్యాగు జిప్పు ఒకసారి తీసి మళ్లీ వేశాడు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. కొట్టు ముందు, బస్సు ముందు, అవ్వ మనవడు పళ్లు తోముకుంటూ చూస్తుండగా ఏడ్చాను. ఆయనకు ఏం చేయాలో తోచక బస్సులో సీటు పట్టడానికి పోయాడు. కండక్టరు సీటు వెనక, కిటికీ పక్కది నా కోసం ఖాళీ పెట్టి కూర్చున్నాడు.

బస్సు కదిలాక అన్నాను, "వ్యానోళ్లకు ఒస్తనని చెప్పినవా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఇంకా చెప్పలే."

"చెప్పకు."

"సరే."

"బిడ్డ నన్ను మహేశ్వరం వచ్చి ఉండుమన్నది. నేను పోత లేను."

ఈసారి సరే అనలేదు. ఎప్పుడు పిలిచింది, నువ్వేమన్నావు, ఏదీ అడగలేదు. ముందు సీటు కడ్డీ పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. రెండు స్టేజీలు పోయాయి. మాల్ దాటింది. కుడికాలు ఒకసారి నేలకు నొక్కాడు, ఎదురుగా గేదెలు అడ్డం వచ్చాయి. అవి పోయాక నా వైపు తిరగకుండానే అడిగాడు.

"పగటిపూట ఇంట్ల నువ్వు ఏ టైంకు తింటవ్?"

చెప్పబోయి ఆగిపోయాను. బడి ఉంటే పిల్లలతో తింటాను. సెలవుల్లో ఆకలైనప్పుడు పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేస్తాను. ఇంట్లో నాకు తినే వేళ అంటూ ఒకటి లేదని ఆయన అడిగేదాకా నాకే తెలియదు. ఆయన మాత్రం జవాబు కోసం, టైంకు తప్పకుండా పోవాల్సిన డ్యూటీ చెప్తారేమోనన్నట్టు, చెవి ఇటే పెట్టి కూర్చున్నాడు.

"రెండింటికి," అన్నాను, నోటికి వచ్చింది.

"సరే," అన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండింటికే తింటున్నాం.